లేపాక్షి అంటే ఒక్క స్తంభమేనా?

సంపాదకుల వారికి,

లేపాక్షి వీరభద్రాలయం మీద ఆమధ్య మీరు వేసిన కథనానికి ఎవరైనా తెలిసినవాళ్ళు జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మళ్ళీ నేలకు పూర్తిగా ఆనని అదే వేలాడే స్తంభం, దాని కిందనుంచి గుడ్డ లాగుతున్న అదే ఫొటో, దాన్ని కదపబోయిన తెల్లదొర కథ. కప్పు లోపలివైపు రంగులతో వేసిన బొమ్మలకు దక్కింది ఒక్క వాక్యం. చదివి ప్రాణం ఉసూరుమంది. నాట్యమంటపంలో డెబ్బై దాకా స్తంభాలుంటే జనమంతా ఆ ఒక్కదాని చుట్టే మూగి, తువ్వాలు దూర్చి, సెల్ఫీ దిగి వెళ్ళిపోతున్నారు. భృంగి, రంభ, మద్దెల వాయించే బ్రహ్మ పక్క స్తంభాల మీదే ఉన్నా చూసే నాథుడు లేడు. తల పైకెత్తేవాళ్ళయితే మరీ తక్కువ.

ఆ కప్పు మీద ఏముందో తెలుసా? పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, శ్రీరామ పట్టాభిషేకం, మర్రాకు మీద పడుకున్న బాలకృష్ణుడు. గర్భగుడి ముందుండే అర్ధమంటపంలో 24 అడుగుల పొడవని చెప్పే వీరభద్రుడు. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూడా పరివారంతో సహా అక్కడే ఉన్నారు, పొడుగాటి కుళ్ళాయిలు పెట్టుకుని. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం (1529–1542) నాటి మనుషులు ఏం కట్టుకున్నారో, జుట్టు ఎలా ముడుచుకున్నారో చూడాలంటే ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పార్వతిని పెళ్ళికూతుర్ని చేస్తున్న చెలికత్తెల చీరలు చూడండి. ఒకదానికి గళ్ళు, ఒకదానికి చారలు, ఇంకోదానికి పువ్వులు. సున్నపు గార మీద ఎర్రమట్టి, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, అంతే రంగులు. నీడలు దిద్దలేదు. ఒక్క గీతతో ముక్కు, గడ్డం, నడుము తేల్చేశారు. బతుకంతా పిల్లలకు బొమ్మలు నేర్పినవాణ్ణి, ఆ గీత ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇప్పుడు చాలాచోట్ల రంగు వెలిసిపోయింది. గార పెచ్చులూడి కింద రాయి కనిపిస్తోంది. కొన్నిచోట్ల ముఖం మిగిలింది, చేతులు పోయాయి. చెమ్మ, దీపాల మసి, గబ్బిలాలు, ఇవన్నీ గారకు శత్రువులని చదువుకోనివాడు కూడా చెప్తాడు. బాధ్యత ఉన్న అధికారులకు తెలియదనుకోవాలా? ఏ బొమ్మ ఏ కథో తెలుగులో చెప్పే బోర్డు కూడా పెట్టలేకపోయారు. అక్కడున్న ఒక ఉద్యోగిని నేను అడిగితే ‘పైకి రాయండి’ అన్నాడు. రాశాను. జవాబు లేదు. ప్రముఖులెవరైనా వస్తున్నారంటే మాత్రం రాత్రికి రాత్రి రోడ్డు గుంతలు పూడతాయి.

ఈ గుడీ, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయని సంబరపడ్డాం. జాబితాలో పేరుంటే గార ఊడకుండా ఆగుతుందా?

అసలు తప్పు బడుల్లోనే మొదలైంది. బొమ్మల క్లాసు వచ్చిందంటే దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేయడం మామూలైపోయింది. విహారయాత్ర పేరుతో పిల్లల్ని బస్సుల్లో తెస్తారు, నంది ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు, తీసుకుపోతారు. ఒక్కరి చేతిలో పెన్సిలుండదు. గుడి ఆవరణలోనే ఉన్న లతామంటపం స్తంభాల మీద చెక్కిన నమూనాలు ధర్మవరం చీరల అంచులకెక్కాయి. నేతగాళ్ళకు కనబడ్డది చదువుకున్న మనకు కనబడదు.

మీరు తలుచుకుంటే వారానికో బొమ్మ రంగుల్లో వేసి, దాని కథ రాయించవచ్చు. సినిమా పేజీలో సగం చాలు. అధికారులను అడిగేది కూడా పెద్ద కోరిక కాదు. వానలు రాకముందే కప్పు మీద నీరు ఎక్కడ దిగుతోందో చూసి ఆపాలి. మిగిలిన ప్రతి బొమ్మనూ దగ్గరనుంచి ఫొటోలు తీయించి జనానికి అందుబాటులో ఉంచాలి. బొమ్మల సంరక్షణ తెలిసినవాళ్ళ చేతనే పని చేయించాలి, సిమెంటు మేస్త్రీలకు అప్పజెప్పొద్దు. ఈ పని ఎప్పుడు మొదలుపెడతారో తేదీతో సహా మీ పత్రికలోనే ప్రకటించాలి.

— ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
హిందూపురం