జీతం రాని గంటల లెక్క: మన ఉద్యోగుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వార్షిక నివేదిక అంటే ఎన్ని సమావేశాలు పెట్టాం, ఎవరిని సన్మానించాం అని రాసేసి పంపడం, మీరు కింద సంతకాలు ఉన్నాయో లేదో చూసి పక్కన పెట్టేయడం మామూలే. ఈసారి అలా రాయడం లేదు. మన సహాయ కేంద్రానికి ఈ ఏడాది వచ్చినవాళ్ళలో ఎక్కువమందిది ఒకటే గోడు: డ్యూటీ టైం అయిపోయాక కూడా పని చేయిస్తున్నారు, ఆ గంటలకు పైసా ఇవ్వడం లేదు. అందుకే నివేదికలో ముప్పాతిక భాగం దీని గురించే ఉంటుంది, మిగతావి చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాం.

అసలు ఎవరూ వచ్చి "నాకు ఓటీ (ఓవర్‌టైం, అంటే అదనపు గంటల డబ్బు) ఇవ్వడం లేదు" అని మొదలుపెట్టరు. నిద్ర పట్టడం లేదంటారు, అప్రైజల్ టెన్షన్ అంటారు, లేదా రాజీనామా చేశాక ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ ఆపేశారని వస్తారు. కాస్త కదిలిస్తే గంటల సంగతి బయటపడుతుంది. ఒక సభ్యురాలు షిఫ్ట్‌కు పావుగంట ముందే వెళ్ళి సిస్టమ్ ఆన్ చేసి నిన్నటి స్టాక్ సరిచూడాలి, అది "రెడీ అవడం" అంట, పని కాదంట. సాయంత్రం పంచ్ కొట్టేశాక క్యాష్ లెక్క తేలేదాకా ఇంకో అరగంట. రోజుకు ముప్పావుగంటే కదా అని ఆవిడా సర్దుకుపోయింది. నెలకు 26 రోజులు వేసుకుంటే అది 19 గంటల 30 నిమిషాలు, అంటే దాదాపు రెండున్నర పనిదినాలు ప్రతి నెలా ఊరికే చేసిపెడుతున్నట్టు. ఈ లెక్క కాగితం మీద చూపించగానే ఏడాదికి ఎంతవుతుందో చూద్దామని తనే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసింది. 234 గంటలు!

దీనికి చాలామంది దగ్గరున్న సమాధానం "అన్ని చోట్లా ఇంతే కదండీ" అని. అన్ని చోట్లా ఇంతే కావచ్చు గానీ రూల్ మాత్రం అలా లేదు, ఈమధ్య వచ్చిన రూల్ కూడా కాదు. 1856లో మెల్‌బోర్న్ తాపీ కార్మికులు ఎనిమిది గంటల పని కోసం పనిముట్లు కింద పెట్టేశారు, 1886లో చికాగోలో అదే డిమాండ్ మీద రక్తం పారింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టాక చేసిన మొట్టమొదటి ఒప్పందమే, 1919లో, పరిశ్రమల్లో పనివేళల గురించి: రోజుకు 8 గంటలు, వారానికి 48, ఆపైన పని చేయిస్తే మామూలు రేటుకు కనీసం ఒకటింపావు వంతు చెల్లించాలి. దుకాణాలకు, ఆఫీసులకు వేరే ఒప్పందం 1930లో వచ్చింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఇంకా ముందుకెళ్ళి అదనపు గంటలకు రెట్టింపు రేటు అంది. వందేళ్ళ కిందటే తేలిపోయిన విషయాన్ని మనం ఇంకా హెచ్‌ఆర్ దగ్గర దయ చూపమన్నట్టు అడుగుతున్నాం, అదీ బాధ.

ఈ ఏడాది మేం ఎక్కువగా తలపట్టుకున్నది హోదాల దగ్గర. ఆఫర్ లెటర్‌లో "మేనేజర్" అనో "ఎగ్జిక్యూటివ్" అనో రాసేస్తారు, ఇంక నీకు ఓటీ వర్తించదు పో అంటారు. పేరు చూసి ఎవరూ తేల్చరండీ, చేసే పని చూస్తారు. మన దగ్గర కోర్టులు ఒక ఉద్యోగి కార్మికుడి కిందికి వస్తాడా రాడా అని తేల్చేటప్పుడు ప్రధానంగా ఏం పని చేస్తున్నాడన్నదే చూస్తాయి. అమెరికాలోనూ నెలజీతం ఇస్తున్నాం, పెద్ద పేరు పెట్టాం అంటే సరిపోదు, జీతం స్థాయితో పాటు చేసే విధులు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి కింద ఒక్క మనిషి కూడా లేని "టీమ్ మేనేజర్లు" ఎవరైనా ఉంటే దయచేసి ఒకసారి వచ్చి మాట్లాడండి. నిజంగానే మినహాయింపు ఉన్న పోస్టులూ ఉంటాయి, అందరికీ ఓటీ వస్తుందని మేం చెప్పడం లేదు.

ఇంక అసలు విషయానికి వస్తే, గంటలు రాసుకోండి. ఏడాదంతా ప్రతి సమావేశంలోనూ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అయినా మళ్ళీ చెప్తున్నాం. మా దగ్గరకొచ్చిన కేసుల్లో హక్కు లేక ఆగిపోయినవి తక్కువ, కాగితం లేక ఆగిపోయినవే ఎక్కువ. 2019 మే నెలలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం రోజువారీ పనిగంటలను కొలిచే నమ్మకమైన పద్ధతి యజమానే పెట్టాలని తీర్పు చెప్పింది, ఆ లెక్క లేకపోతే ఉద్యోగి తన హక్కును నిలబెట్టుకోవడం చాలా కష్టమని కూడా అంది. అంతకు చాలా ముందే, 1946లో, ఒక పింగాణీ ఫ్యాక్టరీ కార్మికుల కేసులో అమెరికా సుప్రీంకోర్టు యజమాని లెక్క సరిగ్గా పెట్టకపోతే ఆ నష్టం కార్మికుడి నెత్తిన వేయకూడదని చెప్పింది. కార్మికుడు సబబైన అంచనా చూపిస్తే చాలు, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కానీ ఆ సబబైన అంచనా చూపించడానికైనా మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

మేం పంచిన చిన్న నోట్‌బుక్కుల్లో ఒకటి ఒక సభ్యుడు నింపి తెచ్చాడు. ఒక్కో రోజుకు ఒక్కో వరుస: వచ్చిన టైం, వెళ్ళిన టైం, ఆగమన్నది ఎవరు, ఏ పని మీద. ఒక వరుసలో "రాత్రి 10:40, కొంచెం చూసి పంపండి అని మెసేజ్, 12:15కి పంపాను" అని ఉంది. ఇంతకంటే గొప్పగా ఏమీ అక్కర్లేదు. ఏ రోజుది ఆ రోజే రాయాలి, నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే అన్నీ ఒకే ఇంకుతో ఒకే తీరులో ఉండి ఎవరూ నమ్మరు. ఇంకో మాట, సాక్ష్యం అనుకుని కంపెనీ ఫైళ్ళు మీ సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, కస్టమర్ల వివరాలున్న స్క్రీన్‌షాట్లు తీయొద్దు, న్యాయం మీవైపున్నా అదొక్కటే పట్టుకుని మిమ్మల్ని ఇంటికి పంపేస్తారు. అలాగే ఆలస్యం చేయొద్దు. బకాయి అడగడానికి గడువు ఉంటుంది, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెరికా ఫెడరల్ చట్టంలో మామూలుగా రెండేళ్ళు, కావాలని ఎగ్గొట్టారని తేలితే మూడేళ్ళు.

డ్యూటీ తర్వాత వచ్చే మెసేజ్‌ల మీద పెట్టిన చర్చ అనుకున్నదానికంటే వేడిగా సాగింది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక స్పందించకుండా ఉండే హక్కు చట్టంలోనే ఉందని చెప్తే చప్పట్లు కొట్టారు గానీ, మనలోనే టీమ్ లీడ్‌లుగా ఉన్నవాళ్ళు లేచి "పైనుంచి మాకొస్తే మేం కిందికి పంపక ఏం చేస్తాం" అన్నారు. నిజమే. అయినా రాత్రి పదకొండుకు మెసేజ్ టైప్ చేసి పొద్దున తొమ్మిదికి వెళ్ళేలా పెట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

డబ్బు ఒక్కటే కాదు, ఒంటి సంగతీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం అతి ఎక్కువ గంటల పని వల్ల వచ్చిన పక్షవాతం, గుండె జబ్బులతో 2016 ఒక్క ఏడాదిలోనే 7,45,000 మంది చనిపోయారు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ఓటీ డబ్బు సరిగ్గా ఇచ్చినా ఈ ముప్పు పోదు, అందుకే "డబ్బులిస్తే ఎంతసేపైనా చేస్తాం" అనే సభ్యులతో కార్యవర్గం ఏకీభవించడం లేదు.

అన్నీ గెలిచాం అని చెప్పుకోలేం. ఒక చోట ఉద్యోగులంతా కలిసి ఉత్తరం రాశారు, అప్రైజల్ నెల రాగానే కొందరు సంతకాలు వెనక్కి తీసుకున్నారు, వాళ్ళను తప్పుపట్టలేం, ఇంటి లోన్ వాళ్ళది. ఇంకో చోట డబ్బుకు బదులు కాంప్-ఆఫ్, అంటే ఆ గంటలకు సరిపడా సెలవు, ఇస్తామన్నారు, కొందరికి అదే నచ్చింది. వాడుకోవడానికి గడువు తేదీ, ఎవరు మంజూరు చేయాలి అన్నది రాతలో లేని కాంప్-ఆఫ్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అడిగిన ప్రతిసారీ "ఈ వారం కుదరదు" అనే వస్తుంది.

మిగతా విషయాలు: ఖర్చులు ఆడిటర్ చూశారు, పద్దులు సర్వసభ్య సమావేశంలో చదువుతాం. చందా పెంచడం లేదు. గ్రంథాలయం బీరువాకు తాళం మార్చాం.

సమావేశంలో ఒక తీర్మానం ఓటుకు వస్తుంది. గంటలు ఎగ్గొడుతున్న సంస్థల పేర్లు సంఘం తరఫున బయటపెట్టాలని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. ఫిర్యాదు చేసినవాళ్ళెవరో అక్కడ ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి, వాళ్ళ రాతపూర్వక అంగీకారం లేకుండా వద్దని కార్యవర్గం అభిప్రాయం. రెండు వైపులవారికీ మాట్లాడే సమయం ఇస్తాం. వచ్చేటప్పుడు గత ఆరు నెలల పే స్లిప్పులు తెచ్చుకోండి, బ్యాంకు ఖాతా నంబరు మీద పెన్నుతో కొట్టేసి తీసుకురండి, లెక్క చూసేవాళ్ళు తలుపు పక్క బల్ల దగ్గర ఉంటారు.