సుధకు నాన్న ఉత్తరం: ఆర్వీ ప్రయాణం గురించి

చి. సౌ. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బుజ్జిగాడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నావు. మీ అమ్మ రోజూ ఆ బొమ్మ చూసి "దీనికి ఒంట్లో బాగానే ఉందంటారా" అని నన్నడుగుతోంది.

శారద పిన్ని మొన్న ఫోన్లో చెప్పింది, జూన్ చివర్లో ఆర్వీ, అదే లోపలే వండుకుని పడుకునే బండి, అద్దెకు తీసుకుని టెక్సాస్‌లోని పాడ్రె ఐలాండ్‌కి వెళ్తున్నావట. నువ్వూ బుజ్జిగాడూ మాత్రమేనట. జనం లేని చోటే కావాలన్నావట. పిన్ని చెప్పేదంతా నమ్మనక్కర్లేదని నాకూ తెలుసు. కానీ నువ్వు చెప్పకపోతే ఆవిడ చెప్పిందే మా చెవిన పడుతుంది. రమణ ఎందుకు రావడం లేదని నేనడగను. అది మీ ఇద్దరి విషయం. నేను క్యాంప్‌గ్రౌండ్ గురించే రాస్తాను.

నువ్వు అనుకుంటున్నది మాలకైట్ క్యాంప్‌గ్రౌండ్ అయితే, అంత మంచి చోటు టెక్సాస్ తీరంలో ఇంకోటి లేదు. నేషనల్ సీషోర్ వాళ్ళది, అంటే ప్రభుత్వం కాపాడే సముద్ర తీరం. ఇసుక దిబ్బ వెనకే బండి పెట్టుకోవడం, పొద్దున తలుపు తీస్తే ఎదురుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో నీళ్ళు. దానికి దక్షిణంగా దాదాపు అరవై మైళ్ళు ఒక్క ఇల్లుండదు, ఒక్క హోటలుండదు. కానీ అక్కడ హుకప్‌లు లేవు, అంటే బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు. మంచినీళ్ళు పట్టుకోవడానికి, వాడిన నీళ్ళు వదలడానికి డంప్ స్టేషన్ ఉంది, చన్నీళ్ళ షవర్లున్నాయి, అంతే. కరెంటు లేకపోతే ఏసీ నడవదు. బండి బ్యాటరీ మీద ఏసీ ఆడదు, జనరేటర్ కావాలి, రాత్రిపూట జనరేటర్ నడపనివ్వరు. జూన్‌లో అక్కడ అర్ధరాత్రి కూడా 80 ఫారెన్‌హీట్ డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, పైగా ఉక్క. గాలి ఉన్నంతసేపు ఫరవాలేదు, ఆగిందంటే దోమలు. బుజ్జిగాడికి చెమటకాయలు ఎలా వస్తాయో నీకు నేను చెప్పాలా?

మేం అక్కడున్నది జనవరిలో. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు సగమే తెలుసు, మిగతాది ఇప్పుడు చెప్తాను. చలికాలం గనుక ఏసీ గొడవ లేదు. సాయంత్రం చేరేసరికి క్యాంప్‌గ్రౌండ్ దాదాపు ఖాళీ. మీ అమ్మ బండి నిలుపుకునే స్లాట్లలో చివరిది కావాలంది, ఎవరూ కనబడని చోటు. నేను వద్దని, వరసలో మధ్యన ఇంకో ఆర్వీ నిలబడి ఉంటే దాని పక్కన ఒక స్లాట్ ఖాళీగా వదిలి మన బండి పెట్టాను. మీ అమ్మ కాసేపు నాతో మాట్లాడలేదు. ఆ పక్క బండిలో ఒక ముసలి దంపతులు, ఉత్తరాది మంచు తప్పించుకోవడానికి ఏటా చలికాలమంతా ఇటు వచ్చి ఉండే మనుషులు. ఇక్కడ వీళ్ళని వింటర్ టెక్సన్స్ అంటారు. చెయ్యి ఊపారు, మేమూ ఊపాం. రాత్రి చలిగా ఉందని ఫర్నేస్, అదే బండిలోని హీటరు, వేసుకుని పడుకున్నాం. బాగా పొద్దుపోయాక బీప్, బీప్ అని మొదలైంది. చూస్తే కింద గోడకున్న గ్యాస్ డిటెక్టర్. మీ అమ్మ గ్యాస్ లీకవుతోందని ఒక్క అరుపు అరిచి, తలుపులు కిటికీలు బార్లా తీసి, శాలువా కూడా కప్పుకోకుండా బయటికి పరిగెత్తింది. నేను సిలిండర్ వాల్వ్ కట్టేశాను. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. అప్పుడు ఆ పెద్దాయన పైజమాలోనే టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. ముందు వాసన చూశాడు, తర్వాత చేతిలో మీటరు పెట్టి బ్యాటరీ చూశాడు. 11 వోల్టుల మీద కాస్త ఉంది. నిండుగా ఉంటే 12.6 ఉండాలట. ఫర్నేస్ మండేది గ్యాస్‌తోనే అయినా దాని ఫ్యాను తిరిగేది బండి బ్యాటరీ మీద. అద్దె బండి, బ్యాటరీ పాతది, ఫ్యాను రాత్రంతా తాగేసింది. వోల్టేజీ పడిపోతే డిటెక్టర్ కూడా అలా కూస్తుందని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. ఆవిడేమో ఈలోపు మీ అమ్మని వాళ్ళ బండిలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వేడిగా టీ ఇచ్చింది. మీ అమ్మ ఇప్పటికీ ఆవిడ పేరు తలుస్తుంది.

మీ అమ్మ కోరిన చివరి స్లాట్‌లో ఉండుంటే ఆ బీపులు ఎవరికీ వినబడేవి కావు. అందుకని చెప్తున్నానమ్మా, నిశ్శబ్దంగా ఉన్న చోటికి వెళ్ళు, నాకూ అదే ఇష్టం. కానీ కేక వేస్తే వినబడే దూరంలో ఒక మనిషి ఉండాలి. పొద్దుండగానే చేరుకో, ఏ బండిలో పిల్లలున్నారో, ఏ బండిలో పెద్దవాళ్ళున్నారో చూసి వాళ్ళ దాపున పెట్టుకో. వెళ్ళగానే పలకరించు. నీకు మొహమాటం ఎక్కువ. కష్టం వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే, జ్వరమొస్తే దుప్పటి ముసుగేసుకుని పడుకునేదానివి, ఎవరికీ చెప్పేదానివి కాదు.

ఇంక రద్దీ చోటు సంగతి. పోర్ట్ అరాన్సస్ వైపు ఆర్వీ పార్కుల్లో బండికీ బండికీ మధ్య పట్టుమని పది అడుగులుండదు. వీధి నిండా గోల్ఫ్ కార్టులు, రాత్రి దాకా పాటలు. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులప్పుడూ, జులై నాలుగు స్వాతంత్ర్య దినం చుట్టూ అయితే నేనే వద్దంటాను. కానీ వేణ్ణీళ్ళు, బట్టలు ఉతుక్కునే మెషీన్లు, ముప్ఫై ఆంపుల కరెంటు, వాడితో ఆడుకోవడానికి నలుగురు పిల్లలు ఉంటారు. ఒక్కదానివే ఉంటే వాణ్ణి చూసుకోవడమూ, బండి చూసుకోవడమూ రెండూ నీ మీదే పడతాయి గదా. ఒక్కదానివే అయితేనే అంటున్నాను.

నన్నడిగితే ఈ రెంటికీ మధ్యది చూడు. మస్టాంగ్ ఐలాండ్ స్టేట్ పార్క్‌లో నీళ్ళు, కరెంటు ఉన్న స్లాట్లున్నాయి, పోర్ట్ అరాన్సస్ అంత గోల ఉండదు. స్టేట్ పార్కులు ఐదు నెలల ముందు నుంచే బుకింగ్ తీసుకుంటాయి, జూన్ శనాదివారాలు దొరకడం కష్టం. మంగళ, బుధ, గురువారాలు చూడు, వెంటనే చూడు. అక్కడ మకాం పెట్టి, ఒకరోజు తెల్లారకముందే ప్లగ్గులు పీకి మాలకైట్ వెళ్ళు. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా కెంప్స్ రిడ్లీ తాబేలు పిల్లల్ని పొద్దున్నే సముద్రంలోకి వదులుతారు. 1978లో మెక్సికో నుంచి గుడ్లు తెచ్చి ఆ ఒడ్డున మొదలుపెట్టిన పని అది. రోజూ ఉండదు, ముందురోజు వాళ్ళ హాట్‌లైన్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసుక మీద ఈదుతున్నట్టు పాకుతాయి. బుజ్జిగాడు చూడాలి. రమణ కూడా చూస్తే బాగుండేది.

ఇసుకలోకి మాత్రం బండి దించకు. సౌత్ బీచ్‌లో ఐదు మైళ్ళు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళే పోవాలి, ఆర్వీ కూరుకుపోతే లాగడానికి వచ్చేవాడే దొరకడు. బయటికి వెళ్ళేటప్పుడు ఆనింగ్, అదే బండి పక్కన నీడకి చాపే గుడ్డ, మడిచి వెళ్ళు, అక్కడి గాలి చెప్పి రాదు. నీలం బుడగల్లా ఒడ్డుకి కొట్టుకొచ్చే జెల్లీఫిష్ లాంటివాటిని వాడు ముట్టుకోకూడదు, చచ్చినవి కూడా కుడతాయి. గడ్డి మీద చెప్పుల్లేకుండా నడవనివ్వకు, ముళ్ళు. దిబ్బలెక్కనివ్వకు, రాటిల్‌స్నేక్‌లుంటాయి. బండి తాళాలిచ్చేటప్పుడే బ్యాటరీ వోల్టేజీ చూపించమను. మొహమాటపడకు.

మీ అమ్మ ఒక మాట రాయమంటోంది. మేమిద్దరం కారులో వచ్చి పోర్ట్ అరాన్సస్‌లో రూము తీసుకుంటాం, మీ బండిలో పడుకోం, నీ ఏకాంతానికి అడ్డురాం. పగలు కాసేపు బుజ్జిగాణ్ణి మాకిస్తే నువ్వు నిద్రపోవచ్చు. వద్దంటే రాము. రమ్మంటే ఎందుకు, ఏమిటి అని అక్కడ ఏమీ అడగం, ఇద్దరం అనుకున్నాం. రూము బుక్ చెయ్యాలంటే నాకు తారీఖులు కావాలి. మెసేజ్‌లో బొమ్మ కాకుండా తారీఖులు పెట్టు.

మీ నాన్న