పేరు సరే, మట్టి తోలకాల మాటేమిటి?

సంపాదకుల వారికి,

గత వారం మీ జిల్లా పేజీలో మా ఊరి దిబ్బని ‘బయటపడిన బౌద్ధ స్తూపం’ అని వేశారు. ఫొటోలో దిబ్బ కంటే నాయకులే ఎక్కువ కనిపించారు. స్తూపమని తేల్చిందెవరు? అంతకుముందు ఇదే దిబ్బ పాండవుల గద్దె అన్నారు. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం పాటిదిబ్బ అంటారు, అంటే పాత ఊరు ఉన్న చోటు.

మొన్న వానకి అంచు విరిగితే వెళ్లి చూశాను. పొక్లెయిన్ గీరిన చోట మట్టి చారలు చారలుగా ఉంది. మధ్యలో నాలుగు వేళ్ల మందాన బూడిద, అందులో ఎముక ముక్కలు, లోపల నలుపూ బయట ఎరుపూ ఉన్న కుండపెంకులు. ఇనుప యుగం నుంచి శాతవాహనుల దాకా దక్షిణాదిలో దొరికే రకమే అది. స్తూపమైతే మన జిల్లాలోని బౌద్ధ క్షేత్రం శాలిహుండంలోలా ఇటుక వరసలు గుండ్రంగా తిరగాలి. జనం పొయ్యిలు పెట్టుకుని తరాలపాటు కాపురమున్న చోట ఇలా బూడిద పేరుకుంటుంది. నేను సోషల్ మేష్టరుగా రిటైరైనవాణ్ణి, నాదీ పొరపాటే కావచ్చు. పద్ధతిగా తవ్వి చూసినవాళ్లు చెప్పాలి. సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోట మట్టిగోడలు జనానికి భారతంలోని దంతవక్త్రుడి కోట, పండితులకి కళింగుల పాత నగరం దంతపురం. అంత కోటకే రెండు మాటలుంటే, మా దిబ్బకి ఒక్క పూటలో పేరెట్టేశారు!

శాలిహుండాన్ని గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో గుర్తించారు. అప్పుడు జీపుల్లేవు, సెల్‌ఫోన్లు లేవు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. అర్జీ పట్టుకెళ్తే ఒక ఆఫీసులో ‘మా పరిధి కాదు’ అంటారు, రెండో ఆఫీసులో ‘మా జాబితాలో లేదు’ అంటారు. జాబితాలో చేర్చాలంటే మొదటి ఆఫీసు రిపోర్టు పంపాలట! మూడుసార్లు తిరిగాను. మూడోసారి గుమస్తా గారు ‘మేష్టారూ, మీకు ఇంట్లో పనేం లేదా’ అన్నారు. ఈ ఆఫీసుల్లో దిబ్బ గతే కాదు, పింఛను గతీ ఇంతే.

దాచడమెందుకు, మా చిన్నప్పుడు వేసవిలో ఈ దిబ్బ పాటిమన్ను ఎరువుగా చేలకి తోలేవారు, మా నాన్న కూడా తోలాడు. అప్పుడు ఎడ్లబండి, గంప, పార. ఇప్పుడు ట్రాక్టర్లు, పైగా చేలకి కాదు, లేఔట్ల పల్లం కప్పడానికి. రెండేళ్లలో తూర్పు వైపు సగం పోయింది. బోర్డు మాత్రం పెడతారట, రంగులతో.

మీ విలేకరిని ఈసారి తెల్లవారుజామున నాలుగింటికి పంపండి. స్తూపం ట్రాక్టరెక్కి మా వీధిలోంచే వెళ్తుంది, దగ్గర నుంచి ఫొటో తీసుకోవచ్చు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస