సిగ్నల్ దగ్గర వణికే కారు

కాకినాడ,
ఆదివారం.

చిట్టితల్లికి,

"ఎక్కడైనా ఆగితే కారు జ్వరమొచ్చినట్టు వణికిపోతోంది నాన్నా, కదిలితే మాత్రం బానే ఉంటోంది" అన్నావు నిన్న. మెకానిక్, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌ని మొత్తం మార్చేయాలన్నాడని కూడా చెప్పావు. ఫోన్లో నేనేం చెప్పినా "సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నా. ఇప్పుడే ఏదీ మార్పించకు.

కదిలితే బాగుంటోందన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ. పెట్రోలు కూడా స్లో జెట్ అనే సూదిబెజ్జమంత దారిలోంచే వస్తుంది. అందులో నలుసు పడ్డా, ఏ రబ్బరు పైపో చీలి దొంగగాలి లోపలికి దూరినా ముందు ఐడ్లింగ్‌లోనే, అంటే కారు ఆగి ఇంజన్ ఊరికే నడిచేటప్పుడే తెలుస్తుంది. స్పీడులో ఇంజన్ బోలెడు గాలి పీలుస్తుంది కాబట్టి ఆ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు.

ఇది నాకు డబ్బు వదిలాక తెలిసింది. 2009లో అన్నవరం వెళ్తుంటే కత్తిపూడి సెంటర్లో మన కారు ఇలాగే వణికి ఆగిపోయింది. నీకప్పుడు ఆరేళ్లు, ప్రసాదం ఎప్పుడు పెడతారని ఒకటే గోల. తిరిగొచ్చాక ఒక షెడ్డులో ఇస్తే సిలిండర్లలో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గులు మార్చారు, వాటికి కరెంటు తెచ్చే వైర్లు మార్చారు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చారు, కార్బురేటర్‌కి కిట్ వేశారు. వణుకు తగ్గలేదు. బిల్లు చూసి మీ అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. చివరికి ఒక పెద్దాయన ఇంజన్ నడుస్తుండగానే పైపులన్నీ ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కుకుంటూ వచ్చాడు. సన్నటి వాక్యూమ్ పైపు ఒకటి నొక్కగానే ఇంజన్ వణుకు తగ్గింది. చివర చీలింది. అర అంగుళం కోసేసి మళ్లీ తొడిగాడు, అంతే. టీ డబ్బులు తీసుకున్నాడు.

కాబట్టి ముందు నువ్వు చూడు. కారు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చున్నీ తీసి లోపల పడేయ్. ఫ్యాన్ బెల్టుతో ఆటలొద్దు. వెనక్కి వెళ్లి సైలెన్సర్ శబ్దం విను. మనది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్, కొద్దిగా ఊగడం దాని పుట్టుబుద్ధి. శబ్దం సమంగా వస్తూ బండి మాత్రం కదిలిపోతుంటే ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అదే మౌంటింగులు, పోయి ఉంటాయి. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతుంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగా మండడం లేదు.

మిస్సింగ్ ఏ సిలిండర్లో ఉందో పట్టుకోవడం కష్టం కాదు. ఇంజన్ ఆపి ఒక ప్లగ్ వైరు తీసి, పక్కకి జరిపిపెట్టి, స్టార్ట్ చేసి విను. మళ్లీ ఆపి వైరు పెట్టేయ్. నడుస్తున్నప్పుడు మాత్రం వైరు పీకకు, షాక్ కొడుతుంది. పని చేస్తున్న సిలిండర్ వైరు తీస్తే ఇంజన్ ఇంకా దిగజారుతుంది, ఆగిపోయినా ఆగిపోతుంది. ఏ వైరు తీసినప్పుడు తేడా రాలేదో దొంగ అక్కడే ఉన్నాడు. ఇంజన్ చల్లారాక ఆ ప్లగ్గు విప్పించి చూడు. బిస్కెట్ రంగులో ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, నూనె జిడ్డు ఉంటే ఆయిల్ కాలుతోంది. ఆ ప్లగ్గుని పక్క సిలిండర్లో వేసి చూడండి. మిస్సింగ్ దానితోపాటే వెళితే తప్పు ప్లగ్గుది. పాత చోటే ఉంటే వైరు చూడాలి. వైరు కూడా బాగుంటే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చెక్ చేయించాలి. ఆ ఖర్చు వేరే లెక్క, దాని సంగతి తర్వాత.

మీ విశాఖలో సముద్రపు గాలి కదా, వైర్ల మీద నాకు కొంచెం అనుమానం ఉంది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపి చూడు. వైర్ల మీద నీలం మెరుపులు పాకుతుంటే కరెంటు బయటికి లీకవుతోందని అర్థం. ఏ సిలిండర్ వైరు తీసినా ఇంజన్ ఒకేలా పడిపోతుంటే, అంటే మూడింట్లోనూ సమానంగా వణుకుతుంటే, దొంగగాలో స్లో జెట్టో. అక్కడ పైపులు నొక్కే పెద్దాయన పద్ధతే మంచిది. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూసేవాళ్లూ ఉన్నారు, అది భగ్గుమంటుంది, నువ్వు చేయకు.

మెకానిక్‌తో ముందు పెట్రోలు ఫిల్టర్ మార్చి, స్లో జెట్ తీసి గాలి కొట్టి చూడమని చెప్పు. స్క్రూ తిప్పి రైజింగ్, అంటే ఆగినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెంచి "అయిపోయింది మేడమ్" అంటే ఒప్పుకోకు. అలా చేస్తే వణుకు దాక్కుంటుంది, పెట్రోలు మాత్రం తాగేస్తుంది.

శనివారం సాయంత్రం బానెట్ ఎత్తి, ఇంజన్ నడుపుతూ ఫోన్ దాని దగ్గర పెట్టు. నేను వింటాను. మీ అమ్మ ఆవకాయ పంపుతోంది, మూత గట్టిగా బిగించమని పదిసార్లు చెప్పా.

మీ నాన్న