ముందు డాక్, తర్వాతే టాబ్లెట్

సికింద్రాబాద్

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావు? ఉప్పల్‌లో క్లినిక్ పనులు చివరికొచ్చాయన్నావు, చాలా సంతోషంరా. నువ్వడిగింది ఒక్క ముక్కే: రిసెప్షన్‌కి రెండు, డాక్టర్ల గదుల్లోకి రెండు, మొత్తం నాలుగు టాబ్లెట్లు కావాలి, ఏ కంపెనీవి కొనమంటావని. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్తే నీకే నష్టం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా చదువు. నీ దగ్గర కంప్యూటర్లు చూసే కుర్రాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

టాబ్లెట్ సంగతి కాసేపు పక్కన పెట్టు. రిసెప్షన్ బల్ల మీద దానికి ఏమేం తగిలించాలో ముందు కాగితం మీద రాయి. నువ్వు చెప్పినదాన్ని బట్టి కీబోర్డు, మౌస్, మందుల పెట్టెల మీద బార్‌కోడ్ చదివే స్కానర్, రసీదు ప్రింటర్, హాల్లో టోకెన్ నంబర్లు చూపించే టీవీ, వీటికి తోడు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆగకుండా ఛార్జింగ్. టాబ్లెట్‌కి ఉండేదేమో ఒకే ఒక్క టైప్‌-సి పోర్టు. ఇన్నీ అందులోంచే పోవాలి. అంటే నీకు అసలు కావాల్సింది డాక్ (టాబ్లెట్‌కున్న ఒక్క పోర్టునే చాలా పోర్టులు చేసే సాధనం), దానికి సరిపడే టాబ్లెట్. జనం తిరగేసి కొంటారు. ఆఫర్‌లో టాబ్లెట్ తెచ్చుకుని, ఆనక దానికి డాక్ వెతుక్కుంటూ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ తిరుగుతారు.

పైకి టైప్‌-సి పోర్టులన్నీ ఒకేలా ఉంటాయి. లోపల 24 పిన్నులకు చోటుంది, కానీ అన్నిటికీ తీగలు కలపాలన్న నియమం లేదు. చౌక టాబ్లెట్లలో ఛార్జింగ్‌కీ, యూఎస్‌బీ 2.0కీ కావాల్సినవి మాత్రమే కలిపి వదిలేస్తారు. శాంసంగ్‌లోనే చూడు. గెలాక్సీ టాబ్ ఎస్9కి హెచ్‌డీఎంఐ ఉన్న డాక్ పెడితే టీవీ మీద బొమ్మ వస్తుంది. అదే డాక్ ఎస్9 ఎఫ్‌ఈకో, ఎ9 ప్లస్‌కో పెడితే కీబోర్డు, మౌస్ పనిచేస్తాయి గానీ టీవీ మాత్రం ‘నో సిగ్నల్’ అంటుంది. డాక్ పాడైందనుకుని షాపువాడితో గొడవకు దిగేది ఇక్కడే. ఆపిల్ వాళ్ళ పదో తరం ఐప్యాడ్ (2022) మరో రకం. డేటా వేగం యూఎస్‌బీ 2.0దే, సెకనుకు 480 మెగాబిట్లు. అయినా వీడియో బయటికొస్తుంది, 4కేలో 30 హెర్ట్జ్ దాకా. అంటే డేటా వేగం చూసి వీడియో సంగతి ఊహించడానికి కూడా లేదు. కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి ‘డిస్‌ప్లేపోర్ట్’ అన్న మాట ఉందో లేదో చూడు. లేకపోతే వీడియో లేదనే అనుకో, సేల్స్‌మన్ ఏం చెప్పినా సరే.

టీవీ విషయంలో ఇంకోటి ఆలోచించు. ఆ ఐప్యాడ్‌ని టీవీకి కలిపితే మామూలుగా నీ తెర మీద ఉన్నదే టీవీలో కనిపిస్తుంది. రిసెప్షన్ అమ్మాయి పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు తెరిస్తే అవన్నీ హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ కనిపిస్తాయి. ఇది ఎంతమాత్రం ఒప్పుకోదగ్గది కాదు. టీవీలో టోకెన్లు, చేతిలో వేరే పని కావాలంటే రెండో తెరను విడిగా వాడుకునే టాబ్లెట్ కావాలి. టాబ్ ఎస్9 లాంటి వాటిలో డెక్స్ అనే శాంసంగ్ సదుపాయం ఆ పని చేస్తుంది. నన్నడిగితే టోకెన్ టీవీని డాక్ నుంచి పూర్తిగా తప్పించేయి. టీవీకి విడిగా ఒక స్ట్రీమింగ్ స్టిక్కో చిన్న కంప్యూటరో పెట్టి, నీ క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లోని టోకెన్ పేజీని వైఫై మీద చూపించు. అప్పుడు వీడియో లేని మామూలు టాబ్లెట్ సరిపోతుంది, బోలెడు డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు కరెంటు సంగతి. అన్నిటికంటే ఎక్కువ తిప్పలు ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ఓటీజీ పిన్ పేరుతో అమ్మే చిన్న ముక్క పెడితే టాబ్లెట్ తన బ్యాటరీలోంచి కీబోర్డుకీ, స్కానర్‌కీ కరెంటు ఇస్తుంది. ఛార్జింగ్ మాత్రం ఎక్కదు. మధ్యాహ్నానికి టాబ్లెట్ పడుకుంటుంది. నీకు కావాల్సింది పీడీ (పవర్ డెలివరీ) పాస్‌త్రూ ఉన్న హబ్, అంటే డాక్ పని చేసే చిన్న పెట్టె. పాస్‌త్రూ అంటే, ఛార్జర్ హబ్‌లో గుచ్చితే అది టాబ్లెట్‌ని ఛార్జ్ చేస్తూ, మిగతా వస్తువులకూ కరెంటు ఇవ్వాలి. టాబ్లెట్ ఒకే సమయంలో డేటాకి యజమానిగా ఉండి, అంటే ఆ వస్తువుల్ని తానే నడుపుతూ, కరెంటు మాత్రం పుచ్చుకోవాలి. ఈ బేరం హబ్‌లో ఉండే పీడీ చిప్ కుదురుస్తుంది. ఆ చిప్ లేనివీ, నాసిరకంవీ మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి.

హబ్ తన ఖర్చుకని కొంత కరెంటు పట్టి ఉంచుకుంటుంది, చాలావాటిలో అది 10 నుంచి 15 వాట్లు. అందుకే టాబ్లెట్ డబ్బాలో వచ్చే చిన్న ఛార్జర్ చాలదు. 45 వాట్ల పీడీ ఛార్జర్ తీసుకో, 65 అయినా నష్టం లేదు, టాబ్లెట్ తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. కేబుల్ 60 వాట్లది, మీటరు పొడవుంటే చాలు. 100 వాట్లు, 240 వాట్లు అని అంటగట్టబోతే వద్దను. అవి 5 ఆంపియర్ల కేబుళ్ళు, ల్యాప్‌టాప్‌లకు పనికొస్తాయి గానీ నీకు అక్కర్లేదు.

వానాకాలంలో మన ఊళ్ళో కరెంటు ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, ఒక్క క్షణం పోయి మళ్ళీ వస్తుంది. ఆ క్షణంలో ఛార్జర్ ఆగిపోతుంది, అంతదాకా కరెంటు పుచ్చుకుంటున్న టాబ్లెట్ ఇప్పుడు ఇవ్వాల్సి వస్తుంది. ఆ మార్పిడి జరిగేలోపు హబ్‌కి సరఫరా తెగుతుంది. కీబోర్డు, స్కానర్, ప్రింటర్ అన్నీ ఊడి మళ్ళీ కలుస్తాయి. ఆండ్రాయిడ్‌లో అయితే ప్రింటర్ వాడటానికి ఈ యాప్‌కి అనుమతి ఇవ్వాలా అని మళ్ళీ అడగొచ్చు. సగం ముద్రించిన రసీదు అలాగే ఆగిపోతుంది, కౌంటర్ ముందు లైను పెరుగుతుంది. విరుగుడు రెండు పనుల్లో ఉంది. హబ్ ఛార్జర్‌ని గోడ సాకెట్‌లో పెట్టకుండా చిన్న యూపీఎస్ మీద పెట్టు. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకు, కొన్ని ఇన్వర్టర్లు మారడానికి తీసుకునే ఆ కాస్త సమయం కూడా ఛార్జర్ ఆగడానికి సరిపోతుంది. రెండోది, ప్రింటర్‌ని యూఎస్‌బీ నుంచి తప్పించి లాన్ (నెట్‌వర్క్ వైరు) మీదో వైఫై మీదో పెట్టు.

కొనేముందు షాపులోనే పరీక్షించు. పార్క్‌లేన్‌లోని సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చాలా షాపుల వాళ్ళు చూపిస్తారు, మొహమాటపడకు. కొందామనుకున్న టాబ్లెట్‌నే దాని కవర్‌తో సహా అడిగి తీసుకో. హబ్ పెట్టి, ఛార్జర్ గుచ్చి, పెన్‌డ్రైవ్, కీబోర్డు కలుపు. పెన్‌డ్రైవ్ నుంచి ఒక పెద్ద ఫైలు కాపీకి పెట్టి, కాపీ అవుతుండగానే ఛార్జింగ్ గుర్తు వెలుగుతోందో లేదో చూడు. పది నిమిషాలాగి హబ్‌ని చేత్తో పట్టుకో. వెచ్చగా ఉంటే పర్లేదు, పట్టుకోలేనంత వేడెక్కితే వద్దు. చివరగా ఛార్జర్ పీకి చూడు. వస్తువులన్నీ రెండు మూడు సెకన్లలో వాటంతటవే తిరిగి వస్తే అది మంచి హబ్. అసలు రాకపోయినా, మొత్తం ఊడదీసి పెడితేనే వచ్చినా అక్కడే ఇచ్చేయి.

వైర్‌లెస్ మౌస్ డాంగిల్ (మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) హబ్‌లో పెట్టాక బాణం గుర్తు ఆగి ఆగి కదిలితే మౌస్‌ని తిట్టకు. యూఎస్‌బీ 3.0 సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తుంది, డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. దీన్ని వివరిస్తూ ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసింది. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వేసి డాంగిల్‌ని హబ్‌కి దూరంగా పెడితే సర్దుకుంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఆ తీగ దొరుకుతుంది. స్కానర్ మాత్రం వైరుదే కొను.

ఇక డాక్ ఆకారం. ఇదే నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయంరా. టైప్‌-సి ప్లగ్ లోహపు ముక్క పొడవు సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. మందపాటి రబ్బరు కవర్ వేసిన టాబ్లెట్‌ని నిలువు డాక్‌లో దించితే కవర్ అంచు డాక్‌కి తగిలి ప్లగ్ పూర్తిగా దిగదు. ఛార్జింగ్ గుర్తు వెలుగుతుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఎవరో బల్లని కదిపితే లింక్ తెగుతుంది. పైగా అరకిలో టాబ్లెట్ బరువంతా ఆ చిన్న ప్లగ్ మీద వాలుతుంది. పోర్టు బోర్డు మీద టంకంతో అతికించి ఉంటుంది, అటూ ఇటూ ఊగితే ఆ టంకం చీలుతుంది. టైప్‌-సిని పదివేల సార్లు పెట్టి తీయడానికి తయారుచేశారు, కానీ ఆ లెక్క తిన్నగా పెట్టి తీసినప్పటిదే. అందుకని బరువు మోసే ఆసరా విడిగా, ప్లగ్ కొద్దిగా అటూ ఇటూ కదిలేలా ఉన్న డాక్ చూసుకో. అది దొరక్కపోతే గట్టి లోహపు స్టాండ్, ఎల్ ఆకారపు కేబుల్, బల్ల కింద డబుల్ టేప్‌తో అంటించిన హబ్. నీకు నా సలహా ఈ రెండోదే. రేపు టాబ్లెట్ మారినా ఇవి మారక్కర్లేదు.

మారక్కర్లేదు అని గట్టిగా చెప్పడానికి కారణముంది. పాత సంగతి చూడు. ఆపిల్ 2003లో 30 పిన్నుల కనెక్టర్ తెచ్చింది, 2012లో దాన్ని వదిలి లైట్నింగ్‌కి మారింది. 2011లో శాంసంగ్ గెలాక్సీ టాబ్ 10.1కి తనదైన 30 పిన్నుల కనెక్టర్ పెట్టింది. చూడ్డానికి ఆపిల్‌దానిలాగే ఉంటుంది, ఒకదాని కేబుల్ ఇంకోదానికి పనికిరాదు. మైక్రోసాఫ్ట్ 2014లో సర్ఫేస్ ప్రో 3కి అయస్కాంతంతో అతుక్కునే సొంత కనెక్టర్ పెట్టింది. 2015లో ఐప్యాడ్ ప్రోకి కీబోర్డు తగిలించే స్మార్ట్ కనెక్టర్ వచ్చింది. 2024లో ఎం4 చిప్ ఉన్న ఐప్యాడ్ ప్రో వచ్చేసరికి 13 అంగుళాలది 5.1 మిల్లీమీటర్ల మందానికి తగ్గింది, అంతకుముందు కొన్న మ్యాజిక్ కీబోర్డు దానికి పనికిరాదు. మార్పు వచ్చిన ప్రతిసారీ నీలాంటి చిన్న క్లినిక్‌లు, బడులు, హోటళ్ళు మంచి స్థితిలో ఉన్న డాక్‌లూ, కీబోర్డులూ బీరువాలో పడేయాల్సి వచ్చింది.

ఛార్జింగ్ వరకు చట్టం కదిలింది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి మార్కెట్లోకి తెచ్చే ఫోన్లకూ, టాబ్లెట్లకూ టైప్‌-సి తప్పనిసరి. మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) కూడా టైప్‌-సి పోర్టులకూ, ప్లగ్‌లకూ, కేబుళ్ళకూ ప్రమాణం ప్రకటించింది. చాలా మంచి పని. అయితే పోర్టు అంచు మధ్యలో ఉండాలా మూలకి ఉండాలా, పొడవు అంచునా పొట్టి అంచునా, వీడియో ఇవ్వాలా వద్దా అన్నవి వీటితో తేలలేదు. డాక్ చేసేవాడికి కావాల్సినవి సరిగ్గా అవే.

గోడకి టీవీ బిగించడం చూశావుగా. వెనక వెసా ప్రమాణం ప్రకారం 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు ఎం4 (4 మిల్లీమీటర్ల) స్క్రూ రంధ్రాలుంటే ఏ కంపెనీ మానిటరైనా ఏ కంపెనీ స్టాండుకైనా ఎక్కుతుంది. దానివల్ల ఎవరి డిజైనూ ఆగలేదు. టాబ్లెట్‌కీ అలాంటిదే కావాలి: పోర్టు అంచుకి సరిగ్గా మధ్యలో, దాని చుట్టూ కవర్ ఎంత ఖాళీ వదలాలో కొలత, వెనక అయస్కాంతాలుంటే అవెక్కడెక్కడో బహిరంగంగా, డబ్బా మీద వీడియో ఉందా లేదా అని పెద్ద అక్షరాల్లో. మందం తగ్గించాలి, కొత్తవి చేయాలి, ప్రమాణం పెడితే చేతులు కట్టేసినట్టవుతుందన్న వాదన ఉంది. దాన్ని నేనొప్పుకోను. 2023లో వైర్‌లెస్ ఛార్జింగ్‌కి క్యూఐ2 అనే ప్రమాణం వచ్చింది. అందులో అయస్కాంతాల వలయం ఆపిల్ మాగ్‌సేఫ్ ఆధారంగా చేసిందే, పోటీ కంపెనీలు కూడా దాన్ని వాడుకోవచ్చు. మనసుంటే కుదురుతుందనడానికి అది చాలు.

డాక్టర్ల గదుల్లో రెండిటికీ ఇంత హంగామా వద్దు. కేసు షీటు చూడ్డానికి, మందులు రాయడానికి మామూలు స్టాండు, బ్లూటూత్ కీబోర్డు సరిపోతాయి.

నాలుగిటికీ ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పగలంతా డాక్‌లోనే ఉండే బ్యాటరీ నూరు శాతం దగ్గర వేడిగా నిలబడితే త్వరగా ఉబ్బుతుంది. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే వీలుందో లేదో కొనేముందే అడుగు. ఏప్రిల్, మే ఎండలకి కిటికీ పక్కన పెట్టకు. తెర ఒక అంచున పైకి లేచినట్టు కనిపిస్తే ఆ రోజే ఛార్జర్ పీకి, సర్వీసుకి ఇచ్చేయి. నొక్కి సరిచేద్దామని చూడొద్దు.

కొనేటప్పుడు హబ్‌లు రెండు చాలు కదా అనకు, మూడు తీసుకో, మూడూ ఒకే మోడల్. ఛార్జర్ కూడా ఒకటి అదనంగా ఉండాలి. రద్దీ వేళ ఏదైనా పోతే మార్చి పెట్టేసి, తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, నీ రసీదు ప్రింటర్ వెనక వైపు ఫొటో తీసి పంపడం. అక్కడ పక్కపక్కనే ఫోన్ వైరు గుచ్చే రకం చదరపు పోర్టులు రెండు ఉండొచ్చు. చిన్నది క్యాష్ డ్రాయర్‌ది, దాంట్లో ఫోన్ వైరు అసలు పెట్టకు. పెద్దది ఉంటే అది లాన్, మన పని సులువైనట్టే. లేకపోతే ప్రింటర్ మోడల్ నంబర్ కూడా పంపు, దాన్ని బట్టి హబ్ ఏదో చెప్తా.

నీ
రవి