ఒకే సబ్‌స్టేషన్, ఒకే డ్యూటీ, రెండు రూల్‌బుక్‌లు

సంపాదకులకు,

తెలంగాణ విద్యుత్ సంస్థల్లో ఆర్టిజన్లను (కాంట్రాక్టర్ల దగ్గర్నుంచి తీసుకున్న కార్మికులను) రెగ్యులర్ సర్వీసులోకి మార్చే కన్వర్షన్ గురించి వార్త వచ్చినప్పుడల్లా ఒక ధర్నా ఫొటో, మంత్రిగారికి ఇచ్చిన వినతిపత్రం, అంతటితో సరి. అసలు చిక్కు ఎక్కడుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా రెగ్యులర్ ఉద్యోగినే. ఈ గొడవలో ఇప్పుడు నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

2017లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం ట్రాన్స్‌కో, జెన్‌కో, రెండు డిస్కంలలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) కాంట్రాక్టర్ల కింద పనిచేస్తున్న ఇరవై వేల మందికి పైగా కార్మికులను సంస్థల్లోకి తీసుకుంది. మంచి పనే. కాంట్రాక్టర్ జీతం ఎప్పుడిస్తాడో, పీఎఫ్ కట్టాడో లేదో అన్న టెన్షన్ ఆ కుటుంబాలకు తప్పింది. కానీ నేరుగా రెగ్యులర్ పోస్టుల్లో వేద్దామంటే నియామక పద్ధతి పాటించకుండా తీసుకున్నవాళ్లను రెగ్యులర్ చేయకూడదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడ్డం. అందుకని మధ్యేమార్గంగా ఆర్టిజన్ అనే వర్గాన్ని పెట్టి, నైపుణ్యాన్ని బట్టి గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 4 దాకా విడదీసి, వాళ్లకు వేరుగా స్టాండింగ్ ఆర్డర్లు (పని షరతుల రూల్స్) రాశారు. రెగ్యులర్ వాళ్లకు మాత్రం పాత ఏపీఎస్ఈబీ సర్వీస్ రెగ్యులేషన్సే. 1959లో పుట్టిన ఆ బోర్డు 1999లోనే పోయింది. దాని రూల్స్ మాత్రం పోలేదు.

దీంతో ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగించినట్టయింది. రెగ్యులర్‌గా చేరిన జూనియర్ లైన్‌మన్‌కు (జేఎల్ఎం) ముందు అసిస్టెంట్ లైన్‌మన్, ఆపైన లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్ అని మెట్లున్నాయి. నేను ఎక్కింది కూడా ఆ మెట్లే. ఆర్టిజన్‌కు ఆ వరుసలో చోటు లేదు.

పని దగ్గర ఇదెలా ఉంటుందో చెబుతాను. చాలా 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ ఆపరేటర్ ఆర్టిజనే. ఊళ్లో ఎక్కడో జంపర్ (లైన్ ముక్కలను కలిపే తీగ) తెగింది. లైన్‌మన్ ఫోన్ చేసి ఫలానా ఫీడర్‌కు (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే లైన్‌కు) ఎల్సీ కావాలంటాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్, కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి. ఆపరేటర్ బ్రేకర్ ట్రిప్ చేసి, ఫీడర్‌ను విడదీసి, ప్యానెల్ మీద ‘లైన్ మీద మనుషులున్నారు’ అన్న బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో టైము, పేరు రాసుకుని అప్పుడు ఎల్సీ ఇస్తాడు. అవతల లైన్‌మన్ లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తీసి, మిగిలిన కరెంటు నేలలోకి పోయేలా డిశ్చార్జ్ రాడ్లు వేసి స్తంభం ఎక్కుతాడు. అదే ఫీడర్ మీద వేరే సెక్షన్ వాళ్లు ఇంకో ఎల్సీ తీసుకుని ఉంటే, ఒకరు వాపస్ ఇచ్చినా రెండోది వచ్చేదాకా ఆపరేటర్ బ్రేకర్ ముట్టుకోకూడదు. గాలివాన రాత్రి నాలుగు వైపుల నుంచి ఫోన్లు మోగుతుంటే, సర్పంచ్ మొదలు ఎమ్మెల్యే పీఏ దాకా కరెంటు ఎప్పుడిస్తావని తిడుతుంటే, ఆ రిజిస్టర్ ఒక్కటే చూసుకుంటూ కూర్చోవడం చిన్న పని కాదు. అలాంటి ఆపరేటర్ల మాట నమ్మే నేను స్తంభాలెక్కాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడిది ఏ రూల్‌బుక్ అని ఒక్కసారీ అడగలేదు.

2023 ఏప్రిల్‌లో వేతన సవరణ ఒప్పందం కుదిరి 7 శాతం ఫిట్‌మెంట్ (జీతం పెంపు) ఇచ్చినప్పుడు కూడా ఈ ముడి విప్పలేదు. ఆర్టిజన్లు సమ్మెకు దిగారు, కొందరి ఉద్యోగాలు పోయాయి. పనిచేసే సంస్థ ఒకటే అయినప్పుడు రూల్ కూడా ఒకటే ఉండాలన్నది అప్పటి డిమాండ్, ఇప్పటి డిమాండ్ కూడా. నా మటుకు అది న్యాయమైనదే. ఒకే పనికి ఒకే జీతం అన్న సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

అయితే జేఎల్ఎంల వైపు కూడా వినాలి. వాళ్లు ఐటీఐ చదివి, రాత పరీక్ష రాసి, స్తంభం ఎక్కే టెస్ట్ పాసై వచ్చారు. రేపు వేల మందిని ఒక్క కలంపోటుతో సీనియారిటీ లిస్టులో తమ పైన పెడితే ప్రమోషన్ ఎప్పటికి రావాలని వాళ్ల భయం. అది ఉత్త భయమేమీ కాదు. యూనియన్ నాయకులు ఈ మాట బయటికి అనరు గానీ, టీ కొట్టు దగ్గర అందరూ అనేది ఇదే. ఫైలు కదలకపోవడానికి డబ్బు ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అనుమానం.

దీనికి దారి లేకపోలేదు. సర్వీసును రెండు లెక్కలుగా చూడాలి. ఇంక్రిమెంట్లకు, సెలవులకు, రిటైర్మెంట్ ప్రయోజనాలకు ఆర్టిజన్ల సర్వీసు 2017 నుంచి లెక్కగట్టాలి. ప్రమోషన్ సీనియారిటీకి మాత్రం కన్వర్షన్ తేదీ నుంచే. అప్పుడు ఇప్పటికే లిస్టులో ఉన్న జేఎల్ఎం వెనక్కి పోడు. ఐటీఐ, డిప్లొమా ఉన్నవాళ్లను ఆ అర్హతకు తగ్గ పోస్టుల్లోకి తీసుకోవచ్చు. కాగితం లేకపోయినా ఏళ్ల తరబడి లైన్ మీద పనిచేసినవాడికి ట్రేడ్ టెస్ట్ పెట్టండి. కట్టర్, ప్లయర్ చేతికిచ్చి ఒక గంట చూస్తే ఎవరికి ఎంత పని వచ్చో తెలిసిపోతుంది. అందులో తప్పినవాడు కూడా ఉన్న జీతం మీదే, హెల్పర్‌గానైనా సరే, అదే సర్వీస్ రెగ్యులేషన్స్ కిందకి రావాలి.

పెర్త్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న మా అల్లుడు చెబితే తెలిసింది, ఆస్ట్రేలియాలో ఇలాంటి విలీనం దేశం మొత్తం మీద చేశారట. అక్కడ ఒక్కో పరిశ్రమకు, వృత్తికి జీతం, పని గంటలు, అలవెన్సులు చెప్పే చట్టబద్ధమైన పత్రాన్ని అవార్డు అంటారు. 1,500కు పైగా ఉన్న అవార్డులను కలిపి 122 చేసి 2010 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. పాత రేట్లకు, కొత్త రేట్లకు ఉన్న తేడాను చాలాచోట్ల ఒక్కసారిగా కాకుండా దాదాపు ఐదేళ్లలో దశలవారీగా సర్దారు. విలీనం వల్ల ఎవరికైనా చేతికొచ్చే జీతం తగ్గితే ఆ లోటు పూడ్చమని అడిగే హక్కు కూడా ఇచ్చారు. ఆ దేశం వేరు, మన దేశం వేరు, ఒప్పుకుంటాను. కానీ వందల పత్రాలను వాళ్లు కలిపారు. మనం కలపాల్సింది రెండే.

ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకో రకం. 2019లో గ్రామ సచివాలయాల ద్వారా తీసుకున్న ఎనర్జీ అసిస్టెంట్లు పేరుకు జేఎల్ఎం గ్రేడ్-2లే. కానీ వాళ్ల మీద అజమాయిషీ సచివాలయానిది ఒక వైపు, డిస్కందొక వైపు. అక్కడా ఇదే పేచీ. ఆ మాటకొస్తే రెగ్యులర్ వాళ్లలో కూడా తేడాలున్నాయి. 1999 ఫిబ్రవరి తర్వాత, 2004 ఆగస్టు లోపల చేరినవాళ్లు తమకూ పెన్షన్ కావాలని ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు. వర్గాలు పెట్టడం మన సంస్థలకు బాగా అలవాటు, కలపడమే చేతకాదు.

ఇప్పుడే ఎందుకంటే, రెండు కారణాలున్నాయి. విద్యుత్ సంస్థల్లో వేతన సవరణ నాలుగేళ్లకోసారి. గత సవరణ 2022 ఏప్రిల్ నుంచి అమలైంది కాబట్టి తర్వాతిది 2026 ఏప్రిల్‌ది. రెండోది, కేంద్రం 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కలిపి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చింది. స్టాండింగ్ ఆర్డర్లకు ఆధారమైన 1946 చట్టం కూడా అందులో కలిసిపోయింది. అంటే ఆర్టిజన్ల రూల్‌బుక్‌ను ఎలాగూ మళ్లీ తెరిచి చూడాల్సిందే. తెరిచినప్పుడే కలిపేస్తే పోయేదానికి, పాతదాన్నే కొత్త అట్టతో మళ్లీ అచ్చు వేసి, ఇంకో నాలుగేళ్లు ధర్నాలు చేయించడం దేనికి?

డిస్కంలు నష్టాల్లో ఉన్నాయి, భారం ఎవరు మోస్తారని అధికారులు అంటారు. నిజమే, జీతాల ఖర్చు చివరికి చార్జీల్లోనే తేలుతుంది. అందుకే లెక్క బయటపెట్టమంటున్నాను. ఏ గ్రేడ్‌లో ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఏ అర్హత ఉంది, కలిపితే ఏటా ఎంత అదనం అవుతుంది అన్నది ముసాయిదాతో పాటు ప్రతి డివిజన్ ఆఫీసులో నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆర్టిజన్లు, జేఎల్ఎంలు ఇద్దరూ అభ్యంతరాలు రాసి ఇవ్వడానికి ఒక నెల గడువివ్వండి. అదే లెక్కను విద్యుత్ నియంత్రణ మండలికి ఏటా ఇచ్చే ఆదాయ, వ్యయాల నివేదికలోనూ చూపించండి. మండలి బహిరంగ విచారణలో చార్జీలు కట్టేవాళ్లు కూడా దాని మీద మాట్లాడతారు. నేనూ వెళ్లి మాట్లాడతాను.

– రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్, హనుమకొండ