నీళ్ల ఫొటో కింద షట్టర్ వేగం కూడా వేయండి

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ పత్రిక మొదటి పేజీలో పార్కు ఫౌంటెన్ ఫొటో వేశారు. ధారలన్నీ తెల్లని పొగలా, దూది ఏకినట్టు ఉన్నాయి. ఎనిమిదేళ్ల మా మనవరాలు దాన్ని చాలాసేపు చూసి, "అమ్మమ్మా, ఇందులో నీళ్లేవి?" అని అడిగింది. దానికి చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను.

ఆ ఫొటో తీసినవారికి పని బాగా తెలుసు. కెమెరాలోకి వెలుతురును వదిలే తెర, అంటే షట్టర్‌ను, సెకను పాటు తెరిచి ఉంచితే నీరు అలా వస్తుంది. కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలిపి, వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ అంకెను 100కు దించి, వెలుతురు ఇంకా ఎక్కువగా ఉంటే లెన్స్ ముందు నల్లని ఫిల్టరు పెట్టాలి. నేనూ ఏళ్ల తరబడి అలాగే తీశాను. కానీ నీళ్ల ఫొటో అంటే ఇదొక్కటే అన్నట్టు ఎక్కడ చూసినా ఈ పొగే కనిపిస్తుంటే, చుక్కను మరిచిపోతున్నామన్న బాధ కలుగుతోంది.

మర్నాడు ఉదయం పిల్లను తీసుకుని పార్కుకు వెళ్లాను. సుమారు రెండు మీటర్ల ఎత్తుకు లేచే ఒక ధారను ఎంచుకుని, కదలకుండా ఒకే చోటి నుంచి తీశాం. సెకను ఉంచితే పొగ. సెకనులో 15వ వంతుకు చీపురు పుల్లల్లాంటి గీతలు. 125వ వంతు దగ్గర పిల్లే ఒక వింత పట్టుకుంది: "పైన చుక్కలున్నాయి, కింద గీతలున్నాయి, ఎందుకు?" పైకి విసిరిన బంతి లాగే నీరు కూడా శిఖరాన క్షణం ఆగి కిందికి దిగుతుంది. అదే నీరు గొట్టం మూతి దగ్గర సెకనుకు ఆరు మీటర్లకు పైగా వేగంతో వస్తుంది; అంటే ఆ కాస్త సమయంలోనే ఐదు సెంటీమీటర్లు జరిగిపోతుంది. 2000వ వంతుకు వచ్చేసరికి ఆ జరుగుదల మూడు మిల్లీమీటర్లే. అప్పుడు తెలిసింది, చుక్కలన్నీ గుండ్రంగా లేవని. కొన్ని అప్పచ్చుల్లా అణిగి ఉన్నాయి, కొన్ని జంటగా సన్నని పోగుతో అతుక్కుని ఉన్నాయి. సూర్యుడికి ఎదురుగా నిలబడి, వెనుక చెట్ల నీడ ఉండేలా తీసినప్పుడు ఒక్కొక్క చుక్కా వెలిగింది. పిల్ల కేరింత కొట్టింది.

ఆర్థర్ వర్దింగ్టన్ అనే ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త చుక్క పడి చిట్లే తీరును చీకట్లో క్షణకాలపు విద్యుత్ రవ్వ వెలుగులో చూస్తూ ఏళ్ల తరబడి బొమ్మలు గీశాడు. అన్నీ చక్కని కిరీటాల్లా, అన్ని వైపులా సమానంగా ఉండేవి. 1894లో ఫొటోలు తీయగలిగాక చూస్తే అసలు చిట్లులు వంకరటింకరగా ఉన్నాయి. తన కన్ను తనకు తెలియకుండానే వాటిని సరిదిద్దిందని ఆయన ఒప్పుకున్నాడు. నాకు ఆ నిజాయితీ చాలా ఇష్టం.

పొగా అబద్ధం కాదు, చుక్కా అబద్ధం కాదు. కంటికి రెండూ అలా కనిపించవు, అంతే. ఎంతసేపటి నీళ్లను చూస్తున్నామో చెప్తే చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. కాబట్టి నా మనవి: నీళ్ల ఫొటో వేసినప్పుడు, తీసినవారి పేరు పక్కనే షట్టర్ వేగం కూడా అచ్చు వేయండి. నాలుగు అంకెల చోటు చాలు.

ఈ ఉత్తరంతో రెండు ఫొటోలు పంపుతున్నాను. ధార అదే, ఉదయమూ అదే. ఒకటి సెకను, రెండోది అందులో 2000వ వంతు. వేస్తే పక్కపక్కనే వేయండి. వెనుక ఆ అంకెలు మా మనవరాలే పెన్సిలుతో రాసింది.

ఇట్లు,
మీ పాఠకురాలు